తుడిచారు

ఫోన్ మోగినప్పుడు ఆమె నిచ్చెన మీద ఉంది. పై అరలోంచి నాలుగేళ్ల కిందటి కేసుషీట్ల కట్టని రెండు చేతులతో లాగుతూ, కట్టడానికి తెచ్చుకున్న తాడు ముక్కని పళ్ల మధ్య పట్టుకుని ఉంది. ఆసుపత్రి రికార్డుల గదిలో ఫోన్ మోగిందంటే ఏదో ఒక వార్డుకి ఎవరిదో ఒక పాత కాగితం కావాలని అర్థం. అందుకని తీరిగ్గా దిగి, కట్ట బల్ల మీద పెట్టి, తాడు నోట్లోంచి తీసి, అప్పుడు ఎత్తింది.

ప్రచురణకర్త. అతని గొంతులో ఎప్పుడూ ఉండే జలుబు ఇవాళ లేదు. రెండు సంగతులు చెప్పాడు. ఆమె నవల అచ్చయి వచ్చేసింది, అట్టల జిగురు ఇంకా ఆరలేదు. రెండోది, గ్రంథాలయాల కమిటీ ఆ నవలని ఎంపిక చేసింది. ప్రతి శాఖకీ ఒక ప్రతి చొప్పున మూడువందల పన్నెండు ఊళ్లకి వెళ్తుంది. పది ప్రతులు సాయంత్రానికి ఇంటికి చేరతాయని చెప్పి, అవతలి నుంచి చప్పుడు లేకపోయేసరికి, ఉన్నారా అని అడిగాడు.

ఉంది. కాళ్లు మాత్రం ఎక్కడున్నాయో తెలియలేదు. ఫోన్ పెట్టేసి, అరల మధ్య సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు అది నడక కాదు, గెంతు. చనిపోయినవాళ్లవీ, బతికి ఇంటికెళ్లినవాళ్లవీ కాగితాలన్నీ అటూ ఇటూ నిలబడి చూశాయి. పెళ్లయి అయిదు నెలలు. ఈ అయిదు నెలల్లో ఇలా ఊరికే గెంతబుద్ధి కావడం చాలాసార్లు జరిగింది. కిటికీకి కొత్త తెర కుట్టినప్పుడు, ఇంటి తలుపుకి ఇద్దరికీ చెరో తాళంచెవి వచ్చినప్పుడు. కానీ అవి ఇద్దరి సంతోషాలు. ఇది మూడేళ్లుగా తనొక్కతే మోసినది.

ఒంటిగంటన్నరకి ఆవిడ వచ్చారు.

రోజూ అదే వేళ. ముందు బకెట్టు గడప దాటుతుంది, తర్వాత మాప్ కర్ర, ఆ తర్వాత ఆవిడ. ఆసుపత్రిలో నేలలు తుడిచే ఆవిడకి అక్కడ బకెట్టు అనే పేరు స్థిరపడిపోయింది. ఏయ్ బకెట్టూ ఇటు రా అని డాక్టర్లు, బకెట్టు ఎక్కడ చచ్చింది అని నర్సులు, కాస్త మర్యాద కలిపి బకెట్టమ్మా అని మంచాల మీది రోగులు. యాభై అయిదు దాటినా నడుం నిటారుగానే ఉంటుంది. గుడ్డ పిండితే ఆఖరి చుక్క దాకా పిండుతారు. పిండాక మణికట్టుని ఒకసారి గుండ్రంగా తిప్పుకుంటారు, అక్కడ ఏదో పట్టేసినట్టు.

ఆమె కాళ్లెత్తి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఆమె నవల రాసిందంతా ఈ బల్ల దగ్గరే, భోజనం వేళలోనే, పనికిరాని అడ్మిషన్ ఫారాల వెనకవైపునే. రోజుకో పేజీ. ప్రతి వాక్యాన్నీ పెదాల మధ్య పలికి చూసుకుని, నాలుకకి ఎక్కడైనా గరుకుగా తగిలితే కొట్టేసి మళ్లీ రాసేది. నేల తుడిచేటప్పుడు కాళ్లెత్తి కూర్చోవాలి కాబట్టి కలం ఆగేది. ఆగిన కలానికి ఎదురుగా కనిపించింది ఆవిడే. అలా నవలలోకి వచ్చారు.

"అక్కా, పుస్తకం అచ్చయింది. మీ పుస్తకం," అని చెప్పింది ఆమె.

ఆవిడ కర్ర ఆపలేదు. తన మీద ఏదో రాస్తోందని ఆవిడకి తెలుసు. ఫినాయిలు ఎంత పోస్తారు, రక్తం మరక మీద వేణ్ణీళ్లు ఎందుకు పోయకూడదు, మంచాల కింద తుడిచేటప్పుడు చెప్పులు ఎవరు జరుపుతారు అని మూడేళ్లపాటు అడిగిన మనిషి ఇంకొకరు లేరు. మూడువందల పన్నెండు ఊళ్లు అనగానే మాత్రం ఒక్క క్షణం ఆగి, గుడ్డని బకెట్లో ముంచుతూ, "అయితే ఒక్క బస్సూ ఎక్కకుండా ఊళ్లన్నీ తిరిగేస్తానన్నమాట," అన్నారు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ నవ్వుతూనే గుమ్మం దాకా తుడిచి వెళ్లిపోయారు.

*

పార్సిలు వాళ్లకంటే ముందే ఇల్లు చేరి, పక్కవాటా వాళ్ల అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె భర్త కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఆ రోజు పని సగంలో వదిలి వచ్చేశాడు. చొక్కా చేతుల మీద తెల్లటి గాజుపొడి అలాగే ఉంది. పెళ్లికి ముందే రాతప్రతి రెండుసార్లు చదివినవాడు అతనొక్కడే. చదివి ఏమీ పొగడలేదు. మర్నాడు షాపులో నేల తుడిచే మనిషి పేరేమిటో అడిగి తెలుసుకున్నానని మాత్రం చెప్పాడు. ఆమె అతన్ని చేసుకోవడానికి అది సగం కారణం.

"మీరు విప్పండి," అంది ఆమె, పార్సిలు అతని ఒళ్లో పెట్టి.

అతను వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూశాడు. ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకోవాలని ఒప్పందం. ఆమె అలవాటుకొద్దీ మీరు అన్నప్పుడల్లా, ఇంకా ఎవరెవరు వచ్చారా అన్నట్టు అతను గుమ్మంకేసి చూస్తాడు. అయిదు నెలలైనా ఆ పరాచికం ఇద్దరికీ పాతబడలేదు. ఆమె అతని వీపు మీద ఒక్కటిచ్చి, "నువ్వే విప్పు," అంది.

తాడు కోయకుండా ముడి విప్పాడు. పైన ఉన్న ప్రతి తీసి వాసన చూశాడు, ఆమెకీ చూపించాడు. వెన్ను విరగకుండా నాలుగు వేళ్లతో మెల్లిగా తెరిచి, కళ్లు మూసుకో, మొదటి పేజీ నేను చదువుతానన్నాడు. ఆమె మోకాళ్లు దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకుంది.

"ఆమె వచ్చింది. నేల తుడిచింది."

ఆమె కళ్లు తెరవకుండానే నవ్వింది. "వేళాకోళం చాల్లే. సరిగ్గా చదువు."

"సరిగ్గానే చదువుతున్నా."

"ఆవిడ వచ్చారు. నేల తుడిచారు," అని ఆమె అప్పజెప్పింది, చిన్నపిల్లలకి అందించినట్టు.

కాగితం తిరిగిన చప్పుడు వినిపించింది. ఇంకోటి తిరిగింది. తర్వాత ఒకేసారి చాలా తిరిగాయి. ఆమె కళ్లు తెరిచేసరికి అతను పుస్తకం మధ్యలో ఎక్కడో ఉన్నాడు. మొహంలో పరాచికం లేదు.

ఆ మొదటి మాట రాయడానికి ఆమెకి వారం పట్టింది. మొదట తనూ 'ఆమె వచ్చింది' అనే రాసింది. నాలుకకి తగిలింది. ఎందుకు తగిలిందో తెలియక కొట్టేసి, ఇంకో ఫారం తీసుకుని మళ్లీ అదే రాసి మళ్లీ కొట్టేసింది. ఆరో రోజు డాక్టరు ఒకడు బురద బూట్లతో తడినేల మీద నడిచి వెళ్లడం చూసి, 'డాక్టరు వచ్చాడు' అని రాసింది. అది తగల్లేదు. అప్పుడు పేజీ మొదటికి వెళ్లి, 'ఆవిడ వచ్చారు' అని దిద్దింది. ఆ తర్వాత మూడువందల పేజీలూ ఆ దారినే నడిచాయి. నవల్లో ప్రతి ఒక్కరూ ఆవిడని ఏయ్ అనే పిలుస్తారు. కథ చెప్పే గొంతు ఒక్కటే ఆవిడకి మర్యాద తప్పదు. ఎక్కడా అందుకు కారణం చెప్పదు, దాని మీద ఒక్క వాక్యమైనా వెచ్చించదు. నవలలో ఉన్న కోపమంతా ఆ క్రియల చివరనే ఉంది.

ఇప్పుడు అచ్చులో ఆవిడ వచ్చింది, తుడిచింది, తిన్నది, ఏడ్చింది. డాక్టరుగారు వచ్చారు, చూశారు, దయతో పలకరించారు.

అతను చెవి మీది పెన్సిలు తీసి ఒక్కో మాట కింద గీత పెడుతూ వెళ్లాడు. నలభయ్యో పేజీ దగ్గర నూట ఎనభై అయ్యాయి. పెన్సిలు కింద పెట్టేశాడు. మాష్టారు ఏదో పొరపాటు పడి ఉంటారు అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో. మాష్టారంటే ప్రచురణకర్త దగ్గర భాష దిద్దే పెద్దాయన.

"ఇన్నిచోట్ల పొరపాటు పడరు," అంది ఆమె. "ఇది పని. కూర్చుని చేసిన పని."

మిగిలిన తొమ్మిది ప్రతులూ పార్సిలు కాగితంలో అలాగే ఉన్నాయి. వాటిలోనూ అదే ఉంటుందని తెలిసి కూడా ఆమె ఒక్కొక్కటీ తీసి మొదటి పేజీ చూసింది.

*

మర్నాడు సగంరోజు సెలవు పెట్టి ప్రచురణకర్త దగ్గరికి వెళ్లింది. మెట్లెక్కగానే ఒకే గది. గోడల పొడుగునా పుస్తకాల కట్టలు, వాటి మధ్య మనిషి పట్టేంత దారి, దారి చివర కిటికీ. కిటికీ కింద మాష్టారి బల్ల. అరచెయ్యంత భూతద్దం, ఎర్రసిరా కలం, కలం తుడుచుకోవడానికి పాత చొక్కా ముక్క. ఆమెని చూడగానే మాష్టారు లేవబోయి, మోకాలు సహకరించక సగంలో ఆగి, చేతులు చాపారు.

"రా తల్లీ. చూశావా? క్రియలు చూశావా? ఎంత చిక్కు తీశానో."

ఆమె నోరు తెరిచేలోగానే ఆయన సంతోషంగా చెప్పుకుపోయారు. డాక్టరుకేమో ఏకవచనం, తుడిచే మనిషికేమో బహువచనం, మొదటి నుంచి చివరి దాకా తారుమారుగా ఉన్నాయి. టైపు చేసినవాళ్ల నిర్వాకం అనుకున్నారట మొదట. రాతప్రతి తెప్పించుకుని చూస్తే అందులోనూ అంతే. చిన్నపిల్ల, మొదటి నవల, ఎవరూ చెప్పి ఉండరనుకుని, నలభై రోజులు కూర్చుని ఒక్కటి కూడా వదలకుండా దిద్దారు. ఆ నలభై రోజుల్లో కళ్లకి రెండుసార్లు నీరు కారిందని, మందు వేసుకుని మళ్లీ కూర్చున్నానని చెప్పారు.

"తారుమారు కాదు మాష్టారూ. అలాగే రాశాను."

"కావాలనా?"

"కావాలనే."

మాష్టారు కళ్లజోడు తీశారు. చొక్కా ముక్కతో తుడిచారు. దాని ఎర్రసిరా అద్దానికి అంటితే చూసుకోకుండా మళ్లీ పెట్టుకున్నారు. అలాగైతే ఎక్కడో ఒకచోట చెప్పి ఉండాల్సింది కదా అన్నారు. ముందుమాటలో ఒక ముక్క. చెబితే ఇక రాయడం దేనికని ఆమె అంది. ఆయన తల ఊపారు, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

"‘వచ్చారు’ అని వదిలేస్తే, ఎంతమంది వచ్చారని పాఠకుడు వెతుక్కుంటాడమ్మా," అన్నారు చివరికి.

ఆమెకి గుమ్మంకేసి తిరిగి చూసే తన భర్త గుర్తొచ్చాడు. ఇదే మాట మీద అయిదు నెలలుగా ఇంట్లో ఎంత నవ్వుకుందో. నవ్వు రాలేదు.

"నీకు ఫోన్ చేశాను కూడా తల్లీ. క్రియల్లో పొరపాట్లున్నాయి, దిద్దుతున్నాను అన్నాను."

చేశారు. పెళ్లి వారం అది. దర్జీ కొలతలు తీసుకుంటుంటే ఒక చెయ్యి చాపి, ఇంకో చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, వెనక ఎవరో ఆటపట్టిస్తుంటే నవ్వాపుకుంటూ మాట్లాడింది. మీ చేతిలో పెట్టాక నాకు బెంగేమిటి మాష్టారూ, మీ ఇష్టం అంది. ఆఖరి ప్రూఫు పంపనా అని అడిగితే, ఎందుకులెండి అంది. ఆ రోజు ఆమెకి లోకం మొత్తం మీద ఎవరి చేతిలో ఏం పెట్టడానికైనా బెంగ లేదు. ఆ సంతోషంలోనే మూడేళ్ల పని ఒక్క మాటతో ఇచ్చేసింది.

ఇంతసేపూ కట్టల మధ్య నిలబడి వింటున్న ప్రచురణకర్త ముందుకొచ్చి ఉపాయం చెప్పాడు. ప్రతి పుస్తకంలో ఒక చీటీ పెడదాం. 'వచ్చింది అని ఉన్నచోట వచ్చారు అని చదువుకోగలరు' అని. సరిపోతుందిగా?

మాష్టారే అడ్డుపడ్డారు. "ఎలా కుదురుతుందయ్యా? ఆ నవల్లో వాన వచ్చింది. అంబులెన్సు వచ్చింది. వార్డులోకి పిల్లి కూడా వచ్చింది. వాటికీ ‘వచ్చారు’ అని చదువుకుంటారా?"

"అదే కదా మాష్టారూ," అంది ఆమె. "పిల్లికీ ఆవిడకీ ఒకటే క్రియ."

మాష్టారు భూతద్దాన్ని బోర్లించి, మళ్లీ వెల్లకిలా పెట్టారు. జీవితమంతా భాష దిద్దిన మనిషి ఆ మాట మొదటిసారి విన్నట్టు కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు.

ప్రచురణకర్త మంచివాడే. గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పాడు. కమిటీ ప్రూఫులోనే చదివి ఒప్పుకున్నది మాష్టారు దిద్దిన ఈ ప్రతినే. ఇప్పుడు మాటలు మార్చామంటే మళ్లీ మొదటికి వెళ్లాలి, ఈసారి ఒప్పుకుంటారో లేదో. అయినా కథలో ఒక్క సంఘటన కూడా మారలేదు కదా అన్నాడు. రెండో ముద్రణలో చూద్దాం అన్నాడు. రెండో ముద్రణ అనే మాట అతను వాడిన తీరులోనే అది రాదని ఉంది. తర్వాత, ఆమెని ఊరడించాలని, కమిటీలో ఒక సభ్యురాలు రాసిన ఉత్తరం తీసి ఇచ్చాడు.

ఆమెకి వచ్చిన మొదటి పాఠకురాలి ఉత్తరం అది. రాస్తున్న మూడేళ్లూ ఆ ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించుకుంది. నీలం సిరా అనుకుంది. నీలం సిరానే. గుండ్రటి అక్షరాలు. పుస్తకం ఒక్క రోజులో చదివేశానని, డాక్టరుగారి దయాగుణం మనసుని కదిలించిందని, ఆ పనిమనిషి అణకువ ఈ రోజుల్లో ఎవరికుందని రాసి ఉంది. తన ఇంట్లో పనిచేసేదానికి కూడా ఈ కథ చెప్పానని, అది విని బుద్ధి తెచ్చుకుంటే బాగుండునని చివర్లో ఉంది.

ఆమె రెండుసార్లు చదివి, మడత ఉన్నచోటే మళ్లీ మడిచి ఇచ్చేసింది.

మాష్టారు గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చారు. "ఆ రక్తం కడిగే చోట నేను ఏడ్చాను తల్లీ. నిజం చెబుతున్నా. దిద్దుతూనే ఏడ్చాను." ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తెలుసు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి మెట్లన్నీ దిగేదాకా ప్రయత్నించింది. రాలేదు. వచ్చి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

*

మూడో రోజు పొద్దున సూపరింటెండెంటు కబురంపాడు. ఇరవై ప్రతులు తెప్పించాడట. ఒకటి అతని బల్ల మీద ఉంది, మధ్యలో రక్తపరీక్ష కాగితం గుర్తుగా పెట్టి ఉంది. కూర్చోమన్నాడు. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదలు.

ఆసుపత్రుల మీద రాసేవాళ్లంతా డాక్టర్లని తిట్టిపోస్తారని, ఇంత గౌరవంగా రాసినవాళ్లని ఇదే చూడటమని అన్నాడు. డాక్టరుగారు అని ప్రతిచోటా ఎంత చక్కగా రాశావమ్మా అన్నాడు. అందుకని ఆవిష్కరణ బయటెక్కడో కాదు, మన మీటింగు హాల్లోనే, రేపు పదకొండింటికి. ప్రచురణకర్తతో మాట్లాడేశాడు. కుర్చీలు, పూలు, మైకు అన్నీ చెప్పేశాడు. హాలు పెద్దది, దుమ్ము పట్టి ఉంది, పొద్దున్నే తుడిపించాలి అని తనలో తనే అనుకుని, వెంటనే ఇంకో ఆలోచన తోచి నవ్వాడు.

"మన బకెట్టుని కూడా స్టేజి పక్కన నిలబెడదాం. ఫోటోకి బాగుంటుంది."

అవి తన క్రియలు కావని చెప్పడానికి దారి పొడుగునా ఆమె కొన్ని వాక్యాలు పేర్చుకుని వచ్చింది. పెదాల మధ్య పలికి, నాలుకకి తగలకుండా నున్నగా చేసుకున్న వాక్యాలు. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "సరే సార్."

*

ఒంటిగంటన్నరకి ఆవిడ వచ్చారు. ఆమె కాళ్లెత్తి కూర్చోలేదు. రాతప్రతి బల్ల మీద ఉంది. అడ్మిషన్ ఫారాల కట్ట, మూలలు నలిగి, అక్కడక్కడ టీ మరకలతో. తన మాటలు ఇక ఎవరికీ చేరకపోయినా, చేరాల్సిన ఒక్కరికి చేరితే చాలని రాత్రి భర్తతో అనుకుని, పొద్దున సంచిలో పెట్టుకుని తెచ్చింది. మూడువందల పన్నెండు ఊళ్లు పోయినా ఈ ఒక్కరున్నారు.

"విన్నానమ్మాయిగారూ," అన్నారు ఆవిడ, ఆమె ఏమీ అడగకుండానే. సూపరింటెండెంటు తెప్పించిన వాటిలో ఒకటి నర్సుల గదికి చేరింది. నిన్న మధ్యాహ్నం ఒక నర్సు చదివి వినిపించింది. "అచ్చం నేనే. ఆ గుడ్డ పిండటం, ఆ మెట్ల కింద కూర్చుని తినడం. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. అన్నీ ఎలా గుర్తుపెట్టుకున్నారో."

"బాగుందా?"

"ఎందుకు బాగుండదు. ఉన్నది ఉన్నట్టుంది."

ఒక్క రెండు పేజీలు తనూ చదువుతాను వినమని ఆమె అడిగింది. విన్నదే కదా అంటూనే ఆవిడ కర్ర గోడకి ఆనించి, అరల పక్కన ఎత్తుపీట మీద కూర్చున్నారు. మణికట్టు తిప్పుకున్నారు. ఆమె మొదటి ఫారం చేతిలోకి తీసుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఆవిడ వచ్చారు. నేల తుడిచారు. కిటికీ వైపు మంచం మీది పిల్ల నిద్రపోతోందని చూసి, బకెట్టు చప్పుడు కాకుండా రెండు చేతులతో ఎత్తి పెట్టారు. పిల్ల చెప్పులు తీసి పక్కన జతగా పెట్టారు. వంగినప్పుడు నడుం పట్టేస్తే ఎవరికీ వినపడకుండా ఊపిరి పీల్చుకున్నారు.

చదువుతూ ఆమె ఓరగా చూసింది. ఆవిడ శ్రద్ధగా, కాస్త ముందుకి వంగి వింటున్నారు. నుదురు ముడిపడింది. ఒకసారి అయ్యో అన్నట్టు నాలుకతో చిన్న చప్పుడు చేశారు. రెండో ఫారం పూర్తయి మూడోది తీస్తుంటే అడ్డుపడ్డారు.

"ఎవరమ్మాయిగారూ ఈవిడ?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు.

"ఏ పెద్దింటి ఆవిడో పాపం. ఆసుపత్రికొచ్చి నేల తుడవాల్సొచ్చింది. ఏం కష్టం వచ్చి పడిందో."

ఆమె కాగితం దించింది. "మీరే అక్కా."

ఆవిడ నవ్వారు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశారు. పీట మీద నుంచి లేచి వచ్చి, చదవడం రాకపోయినా, కాగితంకేసి చూశారు. ఎక్కడో తన పేరు గుర్తుపట్టగలనన్నట్టు.

"మొదట ఇలా రాశారా?"

"మొదటా, చివరా, మొత్తం ఇలాగే. అచ్చులో మాష్టారు మార్చేశారు."

"మంచి పని చేశారు."

అది మెల్లగా, దయగానే అన్నారు. ఆమె మొహం చూసి, పీట మళ్లీ దగ్గరికి లాక్కుని, పిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఇదే అచ్చయి ఉంటే నిన్న నర్సు చదివేటప్పుడు ఏమయ్యేది? గది గదంతా పడీ పడీ నవ్వేది. ఇవాళ పొద్దున్నుంచి బకెట్టుగారు వచ్చారు, బకెట్టుగారు వెళ్లారు అని వెంటపడేవాళ్లు.

"నవ్వేది మిమ్మల్ని కాదు, నన్ను. ఏయ్ అంటే ఇన్నేళ్లు పడి ఉన్నాను. గారు అంటే పడలేను."

"అందుకే కదక్కా రాసింది. ఎవరో ఒకరు..."

"మీరు రాసుకుని ఇంటికెళ్తారు. నేను వార్డులోకి వెళ్లాలి."

ఆమె చేతిలో ఉన్న ఫారం మీదకి చూపు తిప్పుకుని, ఏం చేయాలో తెలియక, ఆగిన చోటు నుంచి మళ్లీ చదవబోయింది. ఆవిడ అరచెయ్యి చాపి కాగితం మీద పెట్టారు. నానిపోయి ముడతలు పడ్డ చెయ్యి. సిరా చెరిగిపోతుందేమోనని వెంటనే తీసేశారు.

"ఇక చదవకండి. ఇది వింటే రేపు బకెట్టు పట్టుకోబుద్ధి కాదు."

ఆమె ఫారాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. అంచులు కలిపింది. కలిసినవాటినే మళ్లీ కలిపింది. మాష్టారికి అర్థం కాలేదు, ఉత్తరం రాసినామెకి అర్థం కాలేదు, సూపరింటెండెంటు తనకి కావలసింది చదువుకున్నాడు. ఈ ఒక్కరికే పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యే వద్దన్నారు. మూడేళ్లు రోజుకో పేజీ చొప్పున తను ఏం చేసిందో ఆమెకి అంతుపట్టలేదు. ఆవిడకి ఇవ్వడానికి తీసుకొచ్చిన మర్యాద ఆవిడ మోయాల్సిన ఇంకో బరువని ఈ గదిలో ఇన్నాళ్లు ఎదురుగా కూర్చుని కూడా చూడలేకపోయింది. తాడు ముక్క కోసం వెతికి, రాతప్రతిని కేసుషీట్ల కట్టలాగే రెండు చుట్లు చుట్టి ముడివేసింది.

ఆవిడ తుడవడం మొదలుపెట్టారు. ఇవాళ మూలల్లో ఎక్కువసేపు పట్టింది. అరల కింద కర్ర పోని చోట మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తుడిచారు. ఆమె అలవాటుగా కాళ్లెత్తి కూర్చుంది. సూపరింటెండెంటు మీకు చెప్పాడా అని ఆమె అడిగింది. ఆవిష్కరణ సంగతీ, ఫోటో సంగతీ చెప్పారని ఆవిడ అన్నారు. ఫోటోకి నిలబడమంటే నిలబడతానని, సభ అయ్యాక మళ్లీ తుడవాలి కాబట్టి ఎలాగూ అక్కడే ఉంటానని అన్నారు. ఆమె తల దించుకుంది.

గుమ్మం దాకా తుడిచి, ఆవిడ బకెట్టు అవతల పెట్టారు. కర్ర అవతలికి తీసుకున్నారు. అటు తిరిగే నిలబడ్డారు. వెళ్లలేదు.

"ఆ మొదటి ముక్క ఇంకోసారి అనండి."

ఆమె తలెత్తింది. కట్ట విప్పక్కర్లేదు. "ఆవిడ వచ్చారు. నేల తుడిచారు."

ఆవిడ వసారాలో కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. ఎవరూ లేరు. బకెట్టు పిడి మీద చెయ్యి వేసి, కొత్త చెప్పుల్లో కాలు పెట్టి చూసుకునేవాళ్లలా, గొంతు బాగా తగ్గించి అన్నారు.

"రేపు ఏడింటికల్లా ఆవిడ వస్తారు. హాలంతా తుడుస్తారు."